డ్రాఫ్టులో మిగిలిపోయిన అప్పీలు

గడువు దాటిన అప్పీలుకు కారణం రాయవలసి వచ్చినప్పుడు మా తరం సివిల్ ప్లీడర్ల కలానికి ముందుగా తట్టే జబ్బు పచ్చకామెర్లు. కక్షిదారుకు కామెర్లు వచ్చాయి, నాటుమందు తిన్నాడు, పత్యంలో ఉన్నాడు, అందుకే సమయానికి వకీలును కలవలేకపోయాడు. లిమిటేషన్ చట్టం 5వ సెక్షను కింద వేసే అఫిడవిట్లలో ఈ మాటలు నేను చాలాసార్లు రాశాను. కొన్నిసార్లు అది నిజం. చాలాసార్లు కాదు. జబ్బు చేయని మనిషి చేత జబ్బు చేసిందని ప్రమాణం చేయించకూడదని నాకు ఒక వేరుశనగ రైతు చెప్పవలసి వచ్చింది. అప్పటికే నా కింద జూనియర్లు తయారై, సొంతంగా ఆఫీసులు పెట్టుకుని వెళ్లారు కూడా. ఆ రైతు మాట చెప్పాలంటే, దానికి ముందు నేను కంప్యూటరు ఎదుట చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

మా అనంతపురం జిల్లాలో సివిల్ దావా అంటే నూటికి తొంభై పాళ్లు భూమి, నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేరు తర్వాత తక్కువ వాన మాదేనని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందే ఊళ్లు కొన్నే. మిగతా చోట్ల బోరే దిక్కు, లేదంటే మబ్బు. దాయాదుల మధ్య గట్టు తగాదాలు, రెండు సర్వే నంబర్ల మధ్య పడిన బోరు ఎవరిదన్న తగాదాలు, అడంగల్‌లో ఒకరి పేరు, వన్-బీలో మరొకరి పేరు ఉన్న తగాదాలు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ, గుత్తి, తాడిపత్రి కోర్టుల వరండాల్లో వాయిదాకు వచ్చి కూర్చున్నవాళ్లను అడిగితే ఎక్కువ మంది ఈ మూడింట్లో ఏదో ఒకటి చెబుతారు. ఇక్కడ ఒక కారు పంట పోతే ఆ ఏడు పోయినట్టే. రెండో పంటకు నీళ్లుండవు. అందువల్ల ఈ నేల మీద గడువు అన్న మాటకు కోర్టు క్యాలెండరులో ఉన్నంత బరువే పొలంలోనూ ఉంటుంది. ఆ బరువు నాకు తెలియదని కాదు. తెలిసీ తేలిగ్గా తీసుకున్నాను.

పై కోర్టు మాటకొస్తే మాకు దూరమే మొదటి ఖర్చు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కుదిరిన ఒప్పందంలో రాజధాని, హైకోర్టు రెండింటిలో రాయలసీమ ఏది కోరుకుంటే అది ఇవ్వాలని రాసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలై 1956లో హైదరాబాదుకు పోయింది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. మాకు అది నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. ఒక రిట్టు వేయాలంటే కక్షిదారు కట్ట చంకలో పెట్టుకుని రాత్రి బస్సెక్కాలి, అక్కడ ఎవరో తెలియని వకీలును వెతుక్కోవాలి, ఫైలింగ్ సెక్షను తప్పులు చూపి కాగితాలు వెనక్కి ఇస్తే మళ్లీ బస్సెక్కాలి. కూర్చున్న చోటి నుంచి కాగితాలు దాఖలు చేసే పద్ధతి దేశంలో ఎవరికైనా మొదట అవసరం ఉందంటే అది మాలాంటి వాళ్లకే. నేను దాన్ని ఎదిరించిన వాళ్లలో ముందు వరసలో నిలబడ్డాను.

ఎదిరించడంలో కొంత న్యాయం ఉంది, అది ఇప్పటికీ నా నమ్మకం. సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2004 చివర్లో ఏర్పడింది. సుప్రీంకోర్టులో ఈ-ఫైలింగ్ 2006లోనే మొదలైంది. ఈ-కోర్టుల పథకం కింద జిల్లా కోర్టులకు కంప్యూటర్లు, తీగలు, సర్వర్లు వచ్చాయి. మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరులో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. డబ్బు లేక ఆగిన పని కాదిది. కానీ తాలూకా కోర్టులో కరెంటు పోతే జనరేటరు లేదు, స్కానరు ఒకటే, దాని ముందు గుమాస్తాల బారు. ఆ స్థితిలో ఈ-ఫైలింగ్ తప్పనిసరి అంటే ఎలాగని మేం వినతిపత్రం రాసి అడిగాం. ఆంధ్రలోనే కాదు, తమిళనాడులోనూ వకీళ్లు ఇదే అడిగారు. సదుపాయం ముందు, నిర్బంధం తర్వాత అన్నది సరైన మాటే. దాని వెనక దాక్కుని నేర్చుకోవడం మానేశాను, నా తప్పు అక్కడుంది. ఆ వినతిపత్రం మీద సంతకం పెట్టి, నా పని అయిపోయిందనుకున్నాను. నాతోపాటు సంతకం పెట్టినవాళ్లలో కొందరు అదే వారం లాగిన్ తెరుచుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు రెండు పనులూ చేశారు. నేను ఒకటే చేశాను.

నా ఆఫీసులో అప్పటికే ఒక జూనియర్ అమ్మాయి ఉంది. కళ్యాణదుర్గం వైపు ఊరు, బస్సులో వచ్చి పోయేది. లా కాలేజీ నుంచి వస్తూనే ఈ-ఫైలింగ్ పోర్టల్ అంతా తెలిసిన పిల్ల. "సార్, మీ బార్ కౌన్సిల్ నంబరుతో అకౌంటు తెరిచి పెడతాను, ఒకసారి నా పక్కన కూర్చోండి, గంటలో వస్తుంది" అని ఎన్నోసార్లు అంది. తర్వాత చూద్దాంలేమ్మా అన్నాను. నేను డ్రాఫ్టింగు నేర్పిన పిల్ల పక్కన కూర్చుని, వేలు పెట్టి చూపించుకుని నేర్చుకోవడం నాకు మనసొప్పలేదు. కారణం అంతే. కళ్లద్దాల నంబరు మారిందనీ, వయసైందనీ బయటికి చెప్పుకున్నాను.

ఇక ఆ కేసు. ఒక పెద్దాయన, మెట్ట చేను, దాయాదితో తగాదా. స్వాధీనం ఇవ్వాలని దాయాది వేసిన దావాలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు మా వాడి మీద డిక్రీ ఇచ్చింది. పై కోర్టులో అప్పీలుకు గడువు ముప్పై రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు 12వ సెక్షను కింద తీసేయవచ్చు. అలా లెక్క వేస్తే గడువు వేసవి సెలవుల మధ్యలో ముగిసింది. కోర్టు మూసి ఉన్నప్పుడు గడువు ముగిస్తే మళ్లీ తెరిచిన రోజు దాఖలు చేయవచ్చని 4వ సెక్షను చెబుతుంది. ఆ సెక్షను చూసుకుని నిశ్చింతగా ఉన్నాను. అప్పీలు మెమో మే నెలలోనే తయారైంది. పెద్దాయన ఎండలో వచ్చి వకాల్తా మీద సంతకం చేసి, తేదీ వేసి, కోర్టు ఫీజు డబ్బు నా చేతిలో పెట్టి పోయాడు. పోర్టల్‌కు వేసవి సెలవులు ఉండవు. మే నెలంతా అది తెరిచే ఉంది. ఏ రోజైనా వేయవచ్చు. జూనియర్ ఊరికి వెళ్లేముందు "వేసేసి పోనా సార్?" అని అడిగింది. కోర్టు తెరవనీమ్మా అన్నాను. చేతిలో నెల ఉంటే ఆఖరి రోజు దాకా పోవడం మా వృత్తికి పాత అలవాటు. ఆఖరి రోజు ఉందన్న ధైర్యంలో మిగతా రోజులన్నీ ఖాళీగా పోతాయి.

ఆ ధైర్యానికి ఇంకో ఊతం డాలస్ నుంచి వచ్చింది. మా అక్క కొడుకు అక్కడ ఒక లా ఆఫీసులో పని చేస్తాడు. ఆ సెలవుల్లో వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. వాళ్ల కోర్టుల సంగతి చెప్పాడు. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు, దాఖలు చేసే పోర్టళ్లు కూడా వేరు. టెక్సాస్ రాష్ట్ర కోర్టుల్లో సివిల్ కేసులకు 2014 నుంచి దశలవారీగా వకీళ్లందరికీ ఈ-ఫైలింగ్ తప్పనిసరి చేశారట. ఫెడరల్ కోర్టుల్లో వకీళ్లు ఎలక్ట్రానిక్‌గానే వేయాలని 2018 డిసెంబరు నుంచి దేశమంతటికీ ఒకే రూలు వచ్చింది. వకీలు లేకుండా సొంతంగా వాదించుకునేవాళ్లకు మాత్రం కాగితం దారి ఉంచారు. ఆఖరి రోజు అంటే ఆ కోర్టు ఉన్న చోటి గడియారం ప్రకారం అర్ధరాత్రి దాకా అని అక్కడి సివిల్ ప్రొసీజరు రూల్స్‌లో ఆరో రూలు అంటుంది. నాకు ఈ అర్ధరాత్రి మాట బాగా నచ్చింది. మర్నాడు నలుగురిలో కూర్చుని, మనకూ పన్నెండు దాకా టైముంటుంది, ఆన్‌లైన్ కదా అని చెప్పాను. ఏ రూలు చూసి చెప్పాననేది ఎవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు.

ఆ అబ్బాయి ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు. వాటిని నేను చెవిలోంచి పోనిచ్చాను. ఒకటి, అర్ధరాత్రి అన్నది అక్కడ కూడా అన్నిచోట్లా లేదు. ఫిలడెల్ఫియాలో ఉన్న మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2023 జులై నుంచి సాయంత్రం అయిదింటికే గడువు ముగుస్తుందని సొంత రూలు పెట్టుకుంది. రెండోది, వాళ్ల వ్యవస్థలో ఒక కాగితం నిజంగా దాఖలైతే ఆ క్షణాన ఒక నోటీసు తనంతట తానే తయారై రెండు పక్షాల వకీళ్లకూ మెయిల్ పోతుంది. "ఆ నోటీసు వచ్చేదాకా మా ఆఫీసులో ఎవరూ కుర్చీలోంచి లేవరు మామయ్యా" అన్నాడు. నాకు పనికొచ్చే మాట అదొక్కటే. దాన్నే విడిచిపెట్టి నా సోమరితనానికి పనికొచ్చే మాట పట్టుకున్నాను.

మన దేశంలో కోర్టులన్నీ ఒకే వరస. రాష్ట్ర కోర్టు, కేంద్ర కోర్టు అన్న తేడా లేదు. కానీ ఈ-ఫైలింగ్ రూల్స్ మాత్రం ఏ హైకోర్టుకు ఆ హైకోర్టు రాసుకుంటుంది. కొన్నిచోట్ల పని వేళలు దాటాక వేసినది మర్నాటి తేదీకి పోతుంది. ట్రిబ్యునళ్లకు మళ్లీ వేరే రూల్స్. డాలస్ రూలు తెచ్చి అనంతపురంలో అప్పీలు వేయడం, మా జిల్లాలోనే ఒక కోర్టు పద్ధతి ఇంకో కోర్టులో సాగుతుందనుకోవడం, రెండూ ఒకే రకం అజ్ఞానం. ఆయా రూలు తెరిచి చదవడానికి పది నిమిషాలు చాలు. చట్టం చదివి బతికేవాణ్ణి. ఆ పది నిమిషాలు పెట్టలేదు.

కోర్టు తెరిచిన రోజు సందడి మీకు తెలియంది కాదు. సాయంత్రం దాకా ఇతర పనుల్లో ఉన్నాను. జూనియర్ ఇంకా ఊరి నుంచి రాలేదు. ఫోను చేస్తే చెప్పేది. చేయలేదు. రాత్రి భోజనం చేసి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. జిల్లా ఎంచుకోవాలి, కోర్టు ఎంచుకోవాలి, కేసు రకం, పార్టీల పేర్లు, చిరునామాలు, కింది కోర్టు తీర్పు వివరాలు. మెమో, తీర్పు నకలు, వకాల్తా పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. అవన్నీ తడుముకుంటూ చేశాను. కోర్టు ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాను. డబ్బు కట్టినట్టు తెర మీద పచ్చటి గుర్తు, రసీదు నంబరు వచ్చాయి. ఫోనుకు బ్యాంకు మెసేజీ వచ్చింది. ఇంకా పన్నెండు కాలేదు. అయిపోయిందనుకుని కంప్యూటరు కట్టేసి పడుకున్నాను.

కాలేదు. ఫీజు కట్టాక ప్రమాణం చేయాలి, ఆధార్ ఓటీపీతో గానీ డిజిటల్ టోకెన్‌తో గానీ సంతకం పెట్టాలి, ఆ తర్వాత చివరి బటను నొక్కాలి. అప్పుడే అది కోర్టువారి ఖాతాలోకి పోతుంది, అప్పుడే మనకు రసీదు పుడుతుంది. అంతదాకా అది మన లాగిన్‌లో డ్రాఫ్టుగా ఉంటుంది. కోర్టుకు సంబంధించినంతవరకు అలాంటి అప్పీలు లేనే లేదు. డబ్బు ప్రభుత్వానికి చేరింది, అప్పీలు చేరలేదు. పాత రోజుల్లో స్టాంపులు అంటించి, కాగితాలు బీరువాలో పెట్టుకుని, దాఖలు చేశానని అనుకున్నవాణ్ణి ఎవరైనా ఏమంటారు? నేను చేసింది అదే.

కొన్నాళ్ల తర్వాత పెద్దాయన ఫోను చేశాడు. స్టే వచ్చిందా అని అడిగాడు. నంబరు పడగానే మూవ్ చేస్తామన్నాను. జూనియర్ ఊరి నుంచి వచ్చాక స్క్రూటినీ ఎంతవరకు వచ్చిందో చూడమన్నాను. ఆ పిల్ల లాగిన్ తెరిచి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సార్, ఇది డ్రాఫ్టులోనే ఉంది" అంది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కంప్యూటరు మీద కోపం వచ్చింది. పోర్టల్ సరిగా చెప్పలేదన్నాను. ఆ పిల్ల తెర నా వైపు తిప్పి, మిగిలి ఉన్న మెట్లు ఎర్రగా రాసి ఉన్న చోటు చూపించింది. ఒక్క మాట కూడా అదనంగా అనలేదు. ఆ మౌనం నా మీద జాలితో కాదు, మర్యాదతో. నాకు అది ఇంకా కష్టమనిపించింది.

ఇప్పుడు అప్పీలు వేస్తే ఆలస్యపు అప్పీలు. ఆలస్యం మన్నించమని పిటిషను, దానికి అఫిడవిట్. ఇక్కడ నా చేయి పాత దారిలోనే పోయింది. పెద్దాయనను రమ్మని కబురు పెట్టి, ఈలోగా అఫిడవిట్ డిక్టేట్ చేశాను. మే నెలలో కామెర్లు, నాటుమందు, పత్యం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని సంతకం చేసేవాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి. నేనైతే చాలాసార్లు ఆ పని గుమాస్తాకు వదిలేసేవాణ్ణి, గుమాస్తా సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించేవాడు. ఆ రోజు జూనియర్ కూర్చోబెట్టి వాక్యం వాక్యం చదివింది.

"నాకు కామెర్లు యాడ వచ్చినాయి సార్?" అన్నాడు పెద్దాయన.

"మామూలుగా రాసేదే పెద్దాయనా. ఆలస్యానికి ఏదో ఒక కారణం చూపించాల గదా."

"ఎండకాలమంతా చేన్లోనే ఉంటి. రాళ్లేరిస్తి, గట్టు ఏపిస్తి. ఊరంతా చూసినారు. రేపు అవతలి లాయరు నన్ను బోనులో నిలబెట్టి అడిగితే ఏమని చెప్పల్ల?"

కంప్యూటరులో పొరపాటు జరిగిందని, దాన్ని కోర్టుకు వివరించడం కష్టమని ఏదో చెప్పబోయాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"కంప్యూటర్ తప్పయితే అదే రాయండి సార్. మీ తప్పయితే మీ తప్పని రాయండి. దాన్ని తెచ్చి నా ఒంటి మీద ఎందుకు పెడతారు?"

ఆయన గొంతు పెంచలేదు. నేను ఆ కాగితం తీసి పక్కన పెట్టాను. ఆయన వెళ్లాక జూనియర్ మెల్లగా ఇంకో సంగతి చెప్పింది. అబద్ధం నైతికంగా తప్పన్నది అటుంచి, ఈ కేసులో అది నిలబడదు కూడా. మంచంలో ఉన్నాడని మనం రాసిన రోజుల్లోనే ఆయన అనంతపురం వచ్చి వకాల్తా మీద తేదీ వేసి సంతకం చేశాడు. ఆ వకాల్తా పోర్టల్‌లో ఎక్కి ఉంది. ఫీజు కట్టిన రసీదు మీద గంటా నిమిషమూ ఉన్నాయి. కాగితాల కాలంలో ఇవన్నీ మన బీరువాలో ఉండేవి, మనకు ఇష్టమైనవి మాత్రమే బయటికి తీసేవాళ్లం. ఇప్పుడు ప్రతి అడుగుకూ ఒక తేదీ ముద్ర పడుతుంది, అది మన చేతిలో ఉండదు. అదే ముద్ర నిజం చెప్పేవాడికి సాక్ష్యం. ఆఖరి రోజు రాత్రి మనం అప్పీలు వేయాలని కూర్చున్నామని, ఫీజు కూడా కట్టామని చూపించేది ఆ రసీదే. కామెర్ల కథ రాసుంటే నా చేతిలో ఉన్న అసలైన రుజువును నేనే దాచుకోవలసి వచ్చేది. ఈ సంగతి నాకంటే ముందు నా జూనియర్‌కు తోచింది.

అఫిడవిట్ నా పేరు మీదే రాశాను. చివరి మెట్టు ఉందని తెలుసుకోలేదు, రసీదు కోసం చూడలేదు, సహాయం చేస్తామన్నవారిని అడగలేదు, కక్షిదారు తన పని అంతా సమయానికి చేశాడు, లోపం పూర్తిగా నాది అని రాశాను. డ్రాఫ్టు పేజీ, ఫీజు రసీదు జతచేశాను. పిటిషను విచారణకు వచ్చిన రోజు కోర్టు హాల్లో నా అఫిడవిట్ నేనే చదువుతుంటే చేతులు వణికాయి. వకీలు తప్పుకు అమాయకుడైన కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఎన్నో కేసుల్లో ఎదుటివాళ్ల మీద వాడాను. ఆ రోజు ఆ తీర్పులోని వకీలు స్థానంలో నేను నిలబడి దాన్ని చదివాను. అవతలి వకీలు కౌంటరు వేశాడు, గట్టిగానే వాదించాడు, అది ఆయన ధర్మం. ఖర్చులు కట్టమని చెప్పి కోర్టు ఆలస్యాన్ని మన్నించింది. ఖర్చులు నేను కట్టాను.

కానీ అదంతా అయ్యేసరికి ముంగారు పోయింది. నేను చేసిన నష్టం ఇక్కడుంది, దీన్ని ఏ ఉత్తర్వూ మన్నించలేదు. సివిల్ ప్రొసీజరు కోడు 41వ ఆర్డరులో 3-ఏ రూలు ఉంది. ఆలస్యపు అప్పీలు అయితే దాన్ని విచారణకు తీసుకుంటామని కోర్టు తేల్చేదాకా డిక్రీ అమలు మీద స్టే ఇవ్వకూడదు. గడువులో వేసుంటే మొదటి వారంలోనే స్టే అడిగేవాళ్లం. ఇప్పుడు అడగడానికే దారి లేదు. ఈలోగా డిక్రీదారు అమలు పిటిషను (ఈపీ) వేశాడు, కోర్టు అమీను వచ్చాడు, చేను చేతులు మారింది. వేరుశనగకు జూన్, జులై దాటితే మా నేలలో విత్తి లాభం లేదు. పెద్దాయన రాళ్లేరించి, దున్ని, సబ్సిడీ విత్తనకాయలు తెచ్చి ఇంట్లో పెట్టుకున్న చేను అది. ఆ కాయలు పక్క ఊర్లో గుత్తకు తీసుకున్న చేన్లో వేసుకున్నాడు. గుత్త డబ్బు అప్పు చేశాడు. అప్పీలు ఫీజు నేను తీసుకోలేదు. గుత్త డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. అప్పీలు ఇంకా విచారణలో ఉంది. గెలిచినా ఓడినా ఆ ఏటి పంట తిరిగి రాదు.

ఆ తర్వాత నేర్చుకున్నాను. జూనియర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల చెప్పింది నిజమే, గంట పట్టింది. ఇప్పుడు గడువుకు కనీసం వారం ముందు దాఖలు చేయకపోతే నాకు నిద్ర పట్టదు. 2023 ఆగస్టు 1న సంకేత్ కుమార్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అప్పుడే శ్రద్ధగా చదివాను. కంపెనీ లా అప్పీళ్ల ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్ఏటీ)లో 2022 అక్టోబరు 10న ఈ-ఫైలింగ్ చేసి, 31న కాగితాలు ఇచ్చిన అప్పీలు అది. గడువు లెక్కకు ఈ-ఫైలింగ్ తేదీనే తీసుకోవాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం చెప్పింది. ఎలక్ట్రానిక్‌గా వేశాక మళ్లీ కాగితాలూ కావాలని పట్టుబట్టే పద్ధతి పోవాలని కూడా చెప్పింది. మాలాంటి దూరపు జిల్లాలకు ఆ తీర్పు విలువైనది. కాకపోతే అందులో ఈ-ఫైలింగ్ జరిగింది. నా కేసులో జరగలేదు.

నా వయసు వకీళ్లకు ఒక మాట. పోర్టల్‌లో లోపాలున్నాయి, ఓటీపీ ఒక్కోసారి రాదు, తాలూకాల్లో నెట్ నిలవదు. వాటి మీద పోరాడదాం, నేనూ వస్తాను. కానీ లాగిన్, పాస్‌వర్డు, సంతకపు టోకెన్ గుమాస్తా చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండకండి. ఆ సంతకం మీది. మీ ఆఫీసులో తెలిసిన పిల్లలుంటే ఇవాళే అడగండి. ఆలస్యం జరిగితే అది ఎవరి వల్ల జరిగిందో అదే రాయండి. జబ్బు లేని కక్షిదారు మీద జబ్బు రుద్దకండి.

కోర్టులో కేసు పెట్టుకున్న రైతులకు, ఆడవాళ్లకు, ఊళ్లలో వాళ్ల కాగితాలు చదివి పెట్టే చదువుకున్న పిల్లలకు ఇంకో మాట. వకీలు "వేసేశాం" అన్నంత మాత్రాన సరిపెట్టుకోకండి. దాఖలైనట్టు పోర్టల్ ఇచ్చే రసీదు ప్రింటు అడగండి. ఫీజు కట్టిన రసీదు వేరు, దాఖలు రసీదు వేరు. రెండూ తీసుకోండి. కేసు నమోదయ్యాక పదహారు అక్షరాల, అంకెల సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది. ఫోనులో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో, కేసు ఎంతవరకు వచ్చిందో వకీలును అడక్కుండానే కనపడుతుంది. మా పెద్దాయన మనవడు ఇప్పుడు వాయిదా తేదీ నాకంటే ముందే చూసి నాకు ఫోను చేస్తాడు. మీరూ ఆ నంబరు రాయించుకోకుండా ఏ వకీలు ఆఫీసు మెట్లూ దిగకండి. నా ఆఫీసు అయినా సరే.